పాత లావా ల్యాంప్‌లో నీళ్లు మార్చి, కొత్త రంగు వేయడం ఎలా?

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మా కింది వాటాలో షోకేసు బోర్లా పడింది. నీళ్లు తీశాక బురద కడుగుతుంటే, ఎప్పుడో మా చిన్నాన్న అమెరికా నుంచి తెచ్చిన లావా ల్యాంప్ దొరికింది. సీసాలోని నీళ్లలో రంగు మైనం ముద్దలు బల్బు వేడికి పైకీ కిందికీ ఆడే అలంకరణ దీపం అది. సీసా పగల్లేదు, మూత ఊడలేదు. కానీ లోపల ఎర్ర మైనం చిన్న చిన్న ముక్కలైపోయింది, నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి. మిగతా పాడైన సామానుతో పాటు దాన్నీ రోడ్డు మీద పెట్టేద్దామన్నారు. నాకు మనసొప్పలేదు. ఇప్పుడది మా ముందు గదిలో లేత పసుపు నీళ్లలో ఎర్ర మైనంతో రోజూ సాయంత్రం ఆడుతోంది.

మీ ఇంట్లోనూ అటక మీద ఇలాంటి ల్యాంప్ ఉంటే పారేయకండి. చాలాసార్లు పాడయ్యేది నీళ్లే, మైనం కాదు. నీళ్లు మార్చడం ఇంట్లో చేసుకోగలిగిన పని. ఖర్చు తక్కువే, ఓపిక మాత్రం రెండు మూడు రోజులు కావాలి.

అది ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకోండి

మామూలు కొవ్వొత్తి మైనం నీళ్లకంటే తేలిక. నీళ్ల సాంద్రత 1 అనుకుంటే దానిది సుమారు 0.9. అందుకే నీళ్లలో వేస్తే ఎప్పుడూ తేలుతూనే ఉంటుంది. లావా ల్యాంప్ మైనంలో బరువైన రసాయనం కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అది చుట్టూ ఉన్న నీళ్లకంటే కాస్త బరువు. కింద బల్బు వేడికి కరిగి వ్యాకోచిస్తే కాస్త తేలిక. పైకి లేస్తుంది, పైన చల్లబడి మళ్లీ దిగుతుంది. ఈ తేడా వెంట్రుకవాసి మాత్రమే. మనం చేసే పనంతా ఆ వెంట్రుకవాసిని సరిచేయడమే.

సీసా అడుగున గుండ్రంగా ఒక స్ప్రింగు కనిపిస్తుంది. దిగివచ్చిన ముద్దలు ఒకదానికొకటి అంటుకోకుండా బంతుల్లా నిలబడిపోతే, వాటి పైపొరను తెంపి మళ్లీ ఒకే ముద్దగా కలిపేది అదే. దాన్ని తీసేయకండి.

ఈ ల్యాంప్‌ను 1963లో ఇంగ్లాండ్‌లో ఎడ్వర్డ్ క్రేవెన్ వాకర్ మార్కెట్లోకి తెచ్చారు. గుడ్డు ఉడికే సమయం చూసుకోవడానికి ఒక పబ్బులో పెట్టిన సీసా చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. ఆ తొలినాటి మైనంలో కార్బన్ టెట్రాక్లోరైడ్ ఉండేది. అది కాలేయాన్ని దెబ్బతీసే విషం. అమెరికాలో 1970లో ఇంటి సరుకుల్లో దాని వాడకాన్ని నిషేధించారు. మీ ల్యాంప్ అంత పాతదని అనుమానం ఉంటే మూత తీయనే వద్దు, అలాగే అలంకారంగా ఉంచుకోండి. తర్వాతి కాలం ల్యాంపుల మైనం కూడా నోట్లోకి, కళ్లలోకి వెళ్లకూడని సరుకే. గ్లవ్స్ వేసుకోండి. డాబా మీదో, బాల్కనీలోనో, గాలి ఆడే చోట చేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

తెరిచే ముందు ఒక పరీక్ష

నీళ్లు కొంచెం మబ్బుగా ఉన్నంత మాత్రాన మూత తీయకండి. ఎవరో ఊపినా, వేడిగా ఉండగా జరిపినా నీళ్లు మసకబారతాయి. రోజుకు ఏడెనిమిది గంటల చొప్పున మూడు నాలుగు రోజులు వెలిగించి, మధ్యలో పూర్తిగా చల్లారనివ్వండి. చాలావరకు దానంతట అదే తేటపడుతుంది. అప్పటికీ మజ్జిగలాగే ఉంటే, లేదా రంగు పూర్తిగా వెలిసిపోయి ఉంటే, అప్పుడు తెరవండి.

మా ల్యాంప్‌లా వరదలో తడిసినదైతే ఈ పరీక్షకంటే ముందు కింది స్టాండు సంగతి చూడాలి. బురద నీళ్లు తాగిన హోల్డర్‌ను, వైరును ఆరబెట్టి వాడొద్దు. రెండూ తీసి కొత్తవి వేయించండి. ఎలక్ట్రీషియన్‌కు పది నిమిషాల పని.

అమెరికా నుంచి తెచ్చిన వాటితో ఇంకో చిక్కు ఉంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి బల్బును మన ప్లగ్గులో పెడితే ఆ క్షణమే పోతుంది. పైగా వాటి హోల్డర్ సైజు కూడా మన దగ్గర దొరికే బల్బులకు సరిపోదు. అందుకే హోల్డర్ మార్చేటప్పుడే షాపులో ఈ14 సన్న స్క్రూ హోల్డర్ అడగండి. మొదట మా దాని హోల్డర్ జోలికి వెళ్లకుండా బల్బు కోసం రెండు రోజులు గవర్నర్‌పేట షాపులన్నీ తిరిగాను. హోల్డర్ మార్చాక బల్బు మొదటి షాపులోనే దొరికింది.

బల్బు ఎల్ఈడీ కాకూడదు. ల్యాంప్‌కు వెలుగుతో పాటు వేడి కావాలి, ఎల్ఈడీ ఆ వేడి ఇవ్వదు. పాతరకం ఫిలమెంట్ బల్బే తీసుకోండి. చిన్న ల్యాంపులకు 25 వాట్లు, లీటరుకు దగ్గరగా నీళ్లు పట్టేవాటికి 40 వాట్లు మామూలు లెక్క. స్టాండు కింద స్టిక్కర్ ఉంటే దాని మీద రాసిందే పాటించండి. అంతకుమించి పెట్టకండి.

కావలసినవి

డిస్టిల్డ్ వాటర్ రెండు మూడు లీటర్లు. ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే నీళ్లే ఇవి. ఆటోనగర్‌లో ఏ బ్యాటరీ షాపులో అడిగినా ఇస్తారు. పక్కనే బ్యాటరీ యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి కాబట్టి లేబుల్ చూసి తీసుకోండి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దు. వాటిలోని ఖనిజాలు నీళ్లను మసకబారుస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌ను కూడా శుభ్రమైన స్టీలు గిన్నెలో ఒకసారి మరిగించి, మూతపెట్టి చల్లార్చండి. నీళ్లలో కరిగి ఉన్న గాలి పోతుంది. లేకపోతే వేడెక్కినప్పుడు మైనం నిండా గాలి బుడగలు అంటుకుంటాయి.

ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్. గుంటూరు వైపు వాళ్లకు ఇది కొత్తది కాదు. పత్తి ఆకులు ఎర్రబడితే పిచికారీ చేసేది ఇదే. అయితే ఎరువుల షాపులో దొరికే దానిలో మట్టి, మలినాలు ఉంటాయి. మందుల షాపులో దొరికే శుభ్రమైనది తీసుకోండి, 100 గ్రాములు చాలు. ఇంట్లో వాడే ఉప్పు వేద్దామనిపిస్తుంది. అది స్ప్రింగును తుప్పు పట్టిస్తుంది. పైగా ప్యాకెట్ ఉప్పు ముద్దకట్టకుండా కలిపే పదార్థం నీళ్లను మసకబారుస్తుంది.

ఇవి కాక రంగూ గాఢమైన సువాసనా లేని డిష్ వాష్ లిక్విడ్ కొద్దిగా, సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి, ఫుడ్ కలర్, వడపోతకు పలుచటి తెల్ల నూలు గుడ్డ, మార్కింగ్‌కు టేపు.

పాత నీళ్లు తీయడం

సీసా పూర్తిగా చల్లారాలి. రాత్రంతా వదిలేసి తెల్లవారి చేయడం మంచిది. మైనం అడుగున గట్టిగా గడ్డకట్టి ఉండాలి. మే నెల మధ్యాహ్నం మన ఇళ్లలో అది మెత్తగానే ఉంటుంది. వేసవిలో తప్పదనుకుంటే ఏసీ గదిలో రెండు గంటలు ఉంచి మొదలుపెట్టండి.

ముందుగా నీళ్లు ఎంతవరకు ఉన్నాయో బయట టేపు అంటించి గుర్తు పెట్టుకోండి. ఈ గుర్తు తర్వాత చాలా ముఖ్యం. చాలా ల్యాంపులకు కూల్‌డ్రింక్ సీసాకు ఉండే రేకు మూతే ఉంటుంది. ఓపెనర్‌తో ఒకేసారి లాగకుండా చుట్టూ తిప్పుతూ కొంచెం కొంచెంగా లేపితే మూత వంగదు, మళ్లీ పనికొస్తుంది.

నీళ్లను నెమ్మదిగా బకెట్‌లోకి వంచండి. తేలుతున్న మైనం ముక్కలు ఉంటే గుడ్డలో వడకట్టి మళ్లీ సీసాలోనే వేయండి. ఆ పాత నీళ్లను ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పోసి పెట్టకండి. చూడ్డానికి షర్బత్‌లా ఉంటుంది, పిల్లలు తాగేస్తారు. కాలువలో పారబోయడం కూడా సరికాదు. ఇసుకలోనో రంపపు పొట్టులోనో పోసి, కవరులో కట్టి చెత్తబండికి విడిగా ఇవ్వండి.

ఇప్పుడు చల్లటి డిస్టిల్డ్ వాటర్ కొంచెం పోసి, సీసాను మెల్లగా అటూ ఇటూ వంచి పారబోయండి. ఇలా మూడు నాలుగుసార్లు. గ్లాసుకు అంటిన జిడ్డును పొడవాటి పుల్లకు గుడ్డ చుట్టి తుడవండి. వేడినీళ్లతో కడగొద్దు. మైనం కరిగి గ్లాసంతా పూసుకుంటుంది.

మైనం రంగు వెలిసిపోయి ఉంటే

ఎర్రగా, నీలంగా ఉండాల్సిన మైనం పాలిపోయి ఉంటేనే ఈ పని పెట్టుకోండి. లేకపోతే నేరుగా తర్వాతి దశకు వెళ్లండి.

మైనానికి నూనెలో కరిగే రంగే పడుతుంది. కొవ్వొత్తుల తయారీ సామాను అమ్మే చోట క్యాండిల్ డై అని అడగండి. ఫుడ్ కలర్, కుంకుమ, హోలీ రంగులు మైనంలో కలవవు, చుక్కలుగా విడిపోతాయి. గుణదల మేరీమాత కొండ దగ్గర రంగురంగుల కొవ్వొత్తులు చూస్తే ఒకటి చెక్కి వేద్దామనిపిస్తుంది. వద్దు. దాంతో రంగు కన్నా మామూలు మైనమే ఎక్కువ చేరుతుంది. అది తేలిక కాబట్టి మీ ల్యాంప్ మైనం బరువు తప్పి, ఎప్పుడూ పైనే తేలుతూ ఉండిపోతుంది.

నీళ్లు తీసేసిన సీసాను లోతైన గిన్నెలో, అడుగున గుడ్డ పరిచి నిలబెట్టండి. చుట్టూ ముందు గోరువెచ్చని నీళ్లు పోసి, తర్వాత గీజర్ నీళ్లు కలుపుతూ వేడి పెంచండి. ఒక్కసారిగా వేడినీళ్లు పోస్తే గ్లాసు చిట్లుతుంది. మైనం కరిగాక శనగగింజంత డై వేసి, పొడవాటి వెదురు పుల్లతో తిప్పండి. స్ప్రింగు పక్కకు ఒరిగి ఉంటే అదే పుల్లతో అడుగుకు నెట్టండి. రంగు చాలకపోతే ఇంకొంచెం వేయవచ్చు, ఎక్కువైతే తీయలేం. తర్వాత కదపకుండా చల్లారనివ్వండి.

ఏ పరిస్థితిలోనూ సీసాను గ్యాస్ పొయ్యి మీద పెట్టకండి. 2004లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక యువకుడు లావా ల్యాంప్‌ను పొయ్యి మీద వేడిచేస్తే, అది పేలి గాజు పెంకు గుండెలో దిగి చనిపోయాడు. మూత తీసి ఉన్నా సరే, మంట దగ్గరికి తీసుకెళ్లొద్దు.

కొత్త నీళ్లు పోసి సరిచేయడం

అసలు పని ఇక్కడే. ల్యాంప్ మీ ఇంట్లో ఏ గదిలో ఉండబోతోందో ఆ గదిలోనే ఇది చేయండి. 24 డిగ్రీల ఏసీ గదిలో సరిచేసిన ల్యాంప్, ఫ్యాను మాత్రమే ఉన్న 35 డిగ్రీల గదిలోకి వస్తే లెక్క తప్పుతుంది. చల్లటి దేశాల వాళ్లు రాసిన కొలతలను యథాతథంగా వాడితే మన దగ్గర కుదరకపోవడానికి పెద్ద కారణం ఇదే.

చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌ను సీసా గోడ వెంట జారేలా పోయండి. టేపు గుర్తుకు ఒక వేలు కింద ఆపండి. ఇంకా ఎప్సమ్ సాల్ట్ కలిపిన ఉప్పు నీళ్లు, రంగు చేరాలి కదా. మూత పెట్టకుండా, దుమ్ము పడకుండా అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి స్విచ్ వేయండి. రెండు మూడు గంటల్లో మైనం పూర్తిగా కరుగుతుంది. మామూలుగా అడుగునే గుమ్మటంలా కూర్చుంటుంది. కంగారు పడకండి, అలాగే ఉండాలి.

తర్వాత సబ్బు. డిష్ వాష్ లిక్విడ్ ఒక చుక్కను రెండు చెంచాల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, అందులో సగం సిరంజితో నెమ్మదిగా వేయండి. ఇరవై నిమిషాలు ఆగండి. మైనం గ్లాసుకు అంటుకోకుండా, స్ప్రింగు మీదుగా పరుచుకుంటే చాలు. లేకపోతే మిగతా సగం వేయండి. సబ్బు ఎక్కువైతే మైనం సగ్గుబియ్యంలా చిన్న చిన్న పూసలైపోతుంది, నీళ్లు మళ్లీ తెల్లబడతాయి. అప్పుడు నీళ్లన్నీ తీసి మొదటి నుంచి రావడమే. నేను మొదటిసారి నేరుగా నాలుగు చుక్కలు వేసి రెండు లీటర్ల నీళ్లు వృథా చేసుకున్నాను.

ఇక ఎప్సమ్ సాల్ట్. నీళ్ల బరువు పెంచి మైనం పైకి లేచేలా చేసేది ఇదే. 100 మిల్లీలీటర్ల వేడి డిస్టిల్డ్ వాటర్‌లో 50 గ్రాములు కరిగించి, గుడ్డలో వడకట్టి, చల్లార్చి పెట్టుకోండి. ల్యాంప్ బాగా వేడెక్కి ఉండగా సిరంజితో 5 మిల్లీలీటర్లు, పైనుంచి సన్నటి ధారగా వేయండి. పుల్లతో పైభాగంలో మాత్రం మెల్లగా కదపండి, మైనాన్ని తాకకండి. ఇరవై నిమిషాలు ఆగి, మళ్లీ 5. తొందరపడి వరుసగా వేయకండి, ఉప్పు నీళ్లు అడుగుదాకా కలవడానికి సమయం కావాలి.

కాసేపటికి గుమ్మటం నడుము సన్నబడి పైకి సాగుతుంది. తర్వాత ఒక ముద్ద తెగి, సగం దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. ఇక్కడి నుంచి 5 కాదు, 2 మిల్లీలీటర్లు మాత్రమే వేయండి. ముద్ద పైదాకా వెళ్లి, అక్కడ కొద్దిసేపు ఆగి, దానంతట అదే దిగివస్తే సరిపోయినట్టే. ఆపేయండి.

మైనమంతా పైకి వెళ్లి దిగకపోతే ఉప్పు ఎక్కువైంది. సిరంజితో పైనుంచి 20 మిల్లీలీటర్లు తీసి అంతే డిస్టిల్డ్ వాటర్ పోయండి. అసలు ఉప్పు వేయకముందే పైన తేలి కూర్చుంటే వేడి ఎక్కువన్నమాట. చిన్న బల్బు పెట్టండి, లేదా వైరు మధ్యలో డిమ్మర్, అంటే బల్బు వెలుగు, వేడి తగ్గించే మీట, వేయించండి. నన్నడిగితే మన ఊళ్లో ఈ ల్యాంప్‌కు డిమ్మర్ ఎలాగూ పెట్టించుకోవాలి. జనవరిలో ఒక లెక్క, ఏప్రిల్‌లో ఒక లెక్క. ప్రతిసారీ నీళ్లు మార్చడం కన్నా మీట కాస్త తిప్పడం తేలిక.

నీళ్లకు రంగు

రంగు చివరనే వేయాలి. రంగు నీళ్లలో మైనం కదలిక సరిగా కనిపించదు, ఉప్పు లెక్క తెలియదు.

ద్రవరూపంలో దొరికే ఫుడ్ కలర్ తీసుకోండి. మిఠాయిల్లో వేసే పొడి రంగుల్లో తరచు ఉప్పు కలిపి ఉంటుంది, కష్టపడి సరిచేసిన బరువు మళ్లీ మారిపోతుంది. లేబుల్ మీద బ్రిలియంట్ బ్లూ, టార్ట్రజిన్ అని ఉన్న నీలం, పసుపు మంచి ఎంపిక. ఎరిత్రోసిన్ అని ఉండే గులాబీ రంగు వెలుగుకు త్వరగా పోతుంది.

కింద బల్బు వెలుగు మైనం గుండా, నీళ్ల గుండా వచ్చి మన కంటికి చేరుతుంది. కాబట్టి మనం చూసేది రెండు రంగుల కలయిక. పసుపు మైనాన్ని నీలం నీళ్లలో పెడితే ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఎర్ర మైనం పసుపు నీళ్లలో నిప్పు కణికలా ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన జత ఇదే. అదే ఎర్ర మైనం ముదురు నీలంలో నల్లబడిపోతుంది, డబ్బులు దండగ. తెల్ల మైనం ఏ రంగు నీళ్లలోనైనా బాగుంటుంది.

నమ్మకం కుదరకపోతే ఒక గాజు గ్లాసులో రంగు నీళ్లు కలిపి, వెలుగుతున్న ల్యాంప్ ముందు పెట్టి దాని గుండా చూడండి. నచ్చితేనే అసలు దానిలో వేయండి. ఒక చుక్క, పది నిమిషాలు ఆగి ఇంకో చుక్క. లీటరుకు నాలుగైదు చుక్కలు దాటితే వెలుగు రాదు.

మూత వేయడం

మళ్లీ పూర్తిగా చల్లారనివ్వండి. నీళ్లు టేపు గుర్తు దగ్గరికి వచ్చాయో లేదో చూడండి. మూతికీ నీళ్లకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ తప్పనిసరి. వేడికి నీళ్లు వ్యాకోచిస్తాయి, ఆ చోటు లేకపోతే ఒత్తిడి గ్లాసు మీద పడుతుంది. పాత మూత వంగకపోతే అదే నొక్కి పెట్టవచ్చు. వంగితే సోడా సీసాలకు మూతలు బిగించే చేతి మిషన్ ఉన్న చోటికి తీసుకెళ్లండి. మా దానికి సోడా షాపు ఆయన ఒక్క నిమిషంలో బిగించి, డబ్బులు కూడా తీసుకోలేదు. స్కూటర్ మీద తీసుకెళ్తే సీసాను దుప్పట్లో చుట్టి, నిలువుగా పట్టుకుని, స్పీడ్ బ్రేకర్ల దగ్గర నెమ్మదిగా వెళ్లండి. కుదుపుకు నీళ్లు మసకబారితే రెండు రోజులు వెలిగిస్తే తేటపడుతుంది.

ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి, రంగు వెలిసిపోతుంది. రోజుకు ఎనిమిది గంటలకు మించి వెలిగించకండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఏడు దాటాక వేయండి. అప్పటికీ మైనం పైనే ఆగిపోతుంటే డిమ్మర్ ఒక గీత తగ్గించి, పావుగంట ఆగి చూడండి.